బాలి ద్వీప ప్రదక్షిణం: ఒక కుండపెంకు, ఒక మట్టిముద్ర

జావాకు తూర్పున, భూమధ్యరేఖకు దక్షిణంగా ఎనిమిది డిగ్రీల అక్షాంశం మీద ఉన్న బాలి ద్వీపం విస్తీర్ణం సుమారు 5,780 చదరపు కిలోమీటర్లు. అంటే మన ఉమ్మడి గుంటూరు జిల్లాలో దాదాపు సగం. ఆ నేల చాలావరకు అగ్నిపర్వతాల సృష్టి. నడుమ బతూర్, తూర్పున అగుంగ్ నేటికీ సజీవ పర్వతాలే. 3,000 మీటర్లకు మించిన ఎత్తున్న అగుంగ్ 1963లో బద్దలైనప్పుడు వెయ్యిమందికి పైగా మరణించారు. 2017లో అది మళ్లీ మేల్కొంది. 1926లో బతూర్ కక్కిన లావా కింద ఒక ఊరంతా కప్పబడిపోగా, బతికినవారు కొండ అంచుకు తరలిపోయి తమ గుడిని తిరిగి నిలబెట్టుకున్నారు. అక్కడి వరిమళ్లకు బలమిచ్చేది ఈ కొండల బూడిదే. వాగులు మోసుకొచ్చిన ఒండ్రుతో కలిసి, తీరంలోని ప్రాచీన నివాసాలను కొన్ని మీటర్ల లోతున దాచి ఉంచినదీ ఆ బూడిదే. కనుక బాలి ప్రాచీన చరిత్రను చదవదలచినవారు ముందుగా ఆ బూడిద పొరలను చదవడం నేర్చుకోవాలి.

ఈ ద్వీపాన్ని చూడాలన్న కోరిక నాలో కుతూహలం వల్ల కాక, ఒక పొరపాటు వల్ల పుట్టింది. పదిహేనేళ్ల క్రితం సమర్పించిన నా పరిశోధన గ్రంథంలో, ఆంధ్ర తీరపు ఓడరేవుల మీద రాసిన అధ్యాయం చివర ఒక వాక్యం ఉంది. కృష్ణా ముఖద్వారం నుంచి బయలుదేరిన బౌద్ధ వర్తకులు తమ కుండలతో పాటు ధర్మాన్ని కూడా బాలి దాకా తీసుకువెళ్లారన్నది దాని సారాంశం. ఆ వాక్యాన్ని అప్పుడెవరూ ప్రశ్నించలేదు. పైగా సభలలో దానినే ఎక్కువగా ఉదాహరించారు. తరువాతి కాలంలో ఆధారాలను ఒక్కొక్కటిగా తిరిగి చూస్తున్నకొద్దీ, ఆ వాక్యంలోని ప్రతి మాటా నా అంచనాయే గాని తవ్వకంలో దొరికినది కాదని తెలిసివచ్చింది. దానిని ఆ తీరంలోనే నిలబడి సరిదిద్దుకోవాలనిపించింది. ఈ వ్యాసం ఆ ప్రయత్నమే.

కాలిబుక్‌బుక్ స్తూపికలు

ప్రయాణాన్ని ఉత్తర తీరంలోని కాలిబుక్‌బుక్ గ్రామం వద్ద ప్రారంభించాను. 1991లో అక్కడి ఒక విడిదిగృహం ఆవరణలో నేల తవ్వుతున్న కూలీలకు మట్టితో చేసిన చిన్న స్తూపికలు దొరికాయి. తరువాత జరిగిన తవ్వకాలలో అష్టకోణాకారపు ఇటుక పునాది ఒకటి బయటపడింది. నేడు దాని మీద పునర్నిర్మించిన స్తూపం కొబ్బరిచెట్ల మధ్య, ఇళ్ల వెనుక, ఏ ఆర్భాటమూ లేకుండా నిలబడి ఉంది. కొలతలలో మన తొట్లకొండ, బావికొండ స్తూపాల పక్కన అది ఎంతో చిన్నది. కాని దాని అసలు విలువ కట్టడంలో లేదు, ఆ స్తూపికలలో ఉంది.

అరచేతిలో ఇమిడిపోయే స్తూపిక అది. కాల్చని మట్టితో చేసినది. దాని లోపల ఇంకా చిన్న మట్టిముద్ర. ముద్ర మీద ఉత్తర భారత లిపి సంప్రదాయానికి చెందిన సన్నని అక్షరాలు. దక్షిణ బాలిలోని పెజెంగ్ వద్ద 1924లోనే ఇటువంటివి పెద్ద సంఖ్యలో లభించాయి. లిపిని బట్టి పండితులు వాటిని క్రీ.శ. 8వ శతాబ్దికి చెందినవిగా నిర్ణయించారు. ఆ అక్షరాలలో ఉన్నది 'యే ధర్మా' అని ప్రసిద్ధమైన ప్రతీత్యసముత్పాద గాథ. అశ్వజిత్తు నోట విన్నంతనే శారిపుత్రునికి ధర్మదృష్టి కలిగించిన ఆ గాథ ఏమి చెబుతుందో ఈ పత్రిక పాఠకులకు వివరించనక్కరలేదు. బుద్ధధాతువు లేని చోట ఈ గాథే ధర్మధాతువై స్తూపాన్ని పూజార్హం చేస్తుంది.

ఇక్కడ ఒక విషయం ప్రత్యేకించి గమనించదగినది. ఈ ముద్రను చేసినవారు దానిని ఎవరైనా చదవాలని ఆశించలేదు. అక్షరాలను అచ్చువేసి, వెంటనే వాటిని మట్టిలో మూసివేశారు. స్తూపిక చెదిరితే తప్ప గాథ బయటికి రాదు. మనం చదువుతున్నామంటే, ఆ వస్తువు తన మొదటి ప్రయోజనాన్ని అప్పటికే కోల్పోయిందని అర్థం. పురావస్తు పరిశోధకులమైన మనం ఈ సత్యాన్ని తరచుగా మరచిపోతుంటాం.

కాలిబుక్‌బుక్‌కు పడమరగా బంజార్ గ్రామ సమీపంలో 1970 ప్రాంతంలో వెలసిన బ్రహ్మవిహార ఆరామం ఉంది. కొండ వాలున, వేడినీటి ఊటలకు చేరువలో ఉన్న ఆ థేరవాద విహారంలో ఒక పూట గడిపాను. అక్కడి భిక్షువు ఒకరు నా పరిశోధన విషయం అడిగి తెలుసుకుని, "ఈ మట్టి స్తూపికలను మీ దేశంలో ఇప్పుడు ఎవరు చేస్తున్నారు?" అని ఎంతో సహజంగా అడిగారు. మా తీరంలో ఆ సంప్రదాయం ఆగిపోయి చాలా శతాబ్దులైందని చెప్పవలసి వచ్చింది. ఆయన తల ఊపి ఊరుకున్నారు. ఇచ్చినవారము మనమే అనుకుంటూ వెళ్లిన నాకు ఆ చిన్న ప్రశ్న చాలాసేపు వెన్నంటే ఉంది.

దిక్కులు మారే సముద్రం

మర్నాడు తెల్లవారకముందే ఒక జుకుంగ్‌లో తూర్పుకు బయలుదేరాం. జుకుంగ్ అంటే సన్నని పొడవాటి చేపల పడవ. తిరగబడకుండా రెండు పక్కలా వెదురు తేలుబద్దలు కట్టి ఉంటాయి. ముక్కు భాగాన్ని ఏనుగు ముఖపు చేప ఆకారంలో మలచి, దానికి రెండు కళ్లు దిద్దుతారు. దానిని వారు 'గజ మిన' అంటారు. మన గజము, మీనము కలిసిన మాటే. ఇప్పుడు తెరచాపతో పాటు చిన్న ఇంజను కూడా ఉంటుంది. అది ఏప్రిల్ నెల, రెండు ఋతుపవనాల మధ్య సంధికాలం. సముద్రం చెరువులా ఉంది.

తూర్పుముఖంగా సాగుతుంటే ద్వీపం మా కుడిచేతి వైపు ఉంది. అనుకోకుండానే ఇది ప్రదక్షిణం అయిందని సంతోషించాను. పడవ నడిపే పెద్దాయన స్త్రీలను గౌరవంగా పిలిచే మాటతో నన్ను 'ఇబూ' అని సంబోధిస్తూ, "కజ వైపు చూడండి" అని కుడివైపుకు చేయి చూపాడు. కజ అంటే ఉత్తరమని నేను పుస్తకాలలో చదివాను. ఆయన చూపినది దక్షిణం. తరువాత విషయం బోధపడింది. కజ అంటే ఉత్తరం కాదు, కొండవైపు. దానికి ఎదుటిది కెలోద్, అంటే కడలివైపు. ద్వీపానికి దక్షిణాన ఉన్నవారికి కొండ ఉత్తరాన ఉంటుంది కనుక వారికి కజ ఉత్తరం. ఉత్తర తీరవాసులకు అదే మాట దక్షిణం. పుస్తకాలు రాసినవారిలో ఎక్కువమంది దక్షిణాన నివసించి రాశారు. నడుమ ఉన్న అగ్నిపర్వతం మారదు. చూసేవాడు నిలబడిన తీరాన్ని బట్టి దిక్కు మారుతుంది.

ఉత్తర తీరం ప్రాచీన నౌకలకు ఎందుకు ఇష్టమైనదో పడవలో కూర్చున్నవారికి ఇట్టే అర్థమవుతుంది. డిసెంబరు నుంచి మార్చి వరకు పడమటి గాలి జావా సముద్రం మీదుగా నౌకలను తూర్పున ఉన్న సుగంధద్రవ్యాల దీవులకు నడిపిస్తుంది. మే తరువాత వీచే ఆగ్నేయపు గాలి వాటిని తిరిగి పడమరకు చేరుస్తుంది. ఈ రెండు గాలుల దారిలో, హిందూ మహాసముద్రపు పెద్ద కెరటాలు తగలని నల్లని ఇసుక తీరం బాలి ఉత్తరపు అంచు. పైగా అగుంగ్ శిఖరం నిర్మలమైన రోజున నూరు కిలోమీటర్లకు మించిన దూరం నుంచి కూడా కనబడగలదు. దిక్సూచి లేని నావికునికి అంతకంటె మంచి గుర్తు ఏముంటుంది? ఆగి నీరు నింపుకోవడానికి, సరుకు మార్చుకోవడానికి, గాలి మారేవరకు వేచి ఉండడానికి ఈ తీరం తగినది.

సెంబిరాన్ పెంకులు

ఆ తీరంలోనే సెంబిరాన్, పచుంగ్ గ్రామాలు ఉన్నాయి. 1987 నుంచి బాలి పురావస్తు శాస్త్రవేత్త ఐ వయాన్ అర్దిక అక్కడ తవ్వకాలు జరిపారు. ఆయన, పీటర్ బెల్‌వుడ్ కలిసి 1991లో ప్రకటించిన ఫలితాలు ఆగ్నేయాసియా చరిత్ర రచననే మార్చివేశాయి. కొన్ని మీటర్ల ఒండ్రు కింద, సుమారు రెండువేల ఏళ్లనాటి పొరలలో, రౌలెటెడ్ పాత్రల పెంకులు బయటపడ్డాయి. నున్నని పలుచని పళ్లెం, లోపలి అడుగున సన్నని గాట్ల వలయాలు. ఈ జాతి పాత్ర మన పాఠకులకు సుపరిచితమే. అమరావతి, ధరణికోట, శాలిహుండం తవ్వకాలలో ఇవి దొరికాయి. సెంబిరాన్‌లో వాటితో పాటు గాజు పూసలు, ఇంద్రగోపపు రాతి పూసలు, అరికమేడులో గుర్తించిన మరొక ముద్రిత పాత్ర రకం, మూడు అక్షరాలున్న ఒక పెంకు కూడా లభించాయి. ఆ అక్షరాలను ఖరోష్ఠి అన్నవారున్నారు, బ్రాహ్మి అన్నవారున్నారు.

నా పాత వాక్యానికి పునాది ఈ పెంకులే. మన దగ్గర దొరికాయి, అక్కడ దొరికాయి, కనుక మన దగ్గర నుంచే వెళ్లాయి అన్నది నాటి నా తర్కం. దీనిలోని లోపం ఎక్కడుందో చూద్దాం.

1945లో అరికమేడు తవ్విన మార్టిమర్ వీలర్ ఈ పాత్రలు మధ్యధరా ప్రాంతం నుంచి దిగుమతి అయినవని భావించారు. తరువాతి పరిశోధకులు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చి, ఇవి భారతదేశంలోనే తయారయ్యాయని చూపారు. అయితే భారతదేశంలో ఎక్కడ? సెంబిరాన్, అరికమేడు, అనురాధపురం పెంకుల మట్టిలోని మూలకాలను పోల్చి చూసినప్పుడు అవి ఒకే చోటి మట్టి కావచ్చునని తేలింది. అర్దిక, ఆయన సహచరులు 1993లో ఆ ఫలితాన్ని ప్రకటిస్తూ వ్యాసం శీర్షిక చివర ప్రశ్నార్థకం ఉంచారు. 1997లో ఎక్స్‌రే పరీక్షల ఆధారంగా మరొక పరిశోధకుడు ఆ మట్టి వంగదేశంలోని తామ్రలిప్తి, చంద్రకేతుగఢ్ ప్రాంతానిదని ప్రతిపాదించారు. ఆ చర్చ నేటికీ ముగియలేదు.

ఆ ప్రతిపాదనే నిజమైతే జరిగేదేమిటి? ధరణికోటలో మనం తవ్వి తీసి, మన కుమ్మరి చేతిపనిగా గర్వించిన రౌలెటెడ్ పళ్లెం కూడా సెంబిరాన్ పళ్లెంలాగే పడవ ఎక్కి వచ్చిన సరుకు అవుతుంది. అప్పుడు కృష్ణా తీరం ఇచ్చేదిగా, బాలి తీరం పుచ్చుకునేదిగా ఉండవు. రెండూ ఒకే సముద్రపు అంగడిలో పక్కపక్కన నిలబడి బేరమాడిన కొనుగోలుదారులు అవుతాయి. ఈ ఆలోచన మొదట నాకు రుచించలేదని ఒప్పుకుంటాను. రుచించకపోవడమే నా పాత వాక్యానికి అసలు కారణం ఏమిటో చెప్పింది.

అంతమాత్రాన మన తీరం నుంచి నౌకలు వెళ్లలేదని కాదు. శాతవాహనుల ఓడ గుర్తు నాణేలున్నాయి. ఘంటసాల ప్రాకృత శాసనంలో 'మహానావిక' శబ్దం ఉంది. సువర్ణభూమికి పోయే పెద్ద ఓడలను గ్రీకు నావికుని 'పెరిప్లస్' ప్రస్తావించింది. ఇవన్నీ మనవారు సముద్రయానం చేశారనడానికి సాక్ష్యాలు. కాని ఏ ఒక్కటీ ఫలానా పెంకును ఫలానా రేవునుంచి మోసుకువెళ్లినవాడెవరో చెప్పదు. పచుంగ్‌లో దొరికిన ఒక మనిషి పంటిపై జరిపిన జన్యు పరీక్షను 2004లో ప్రకటించినప్పుడు, ఆ వ్యక్తి భారతీయ వర్తకుడై ఉంటాడా అన్న మాటను కూడా రచయితలు ప్రశ్నగానే శీర్షికలో పెట్టారు. అక్కడ తవ్వినవారు ప్రశ్నార్థకం ఉంచిన రెండు చోట్లా, ఇక్కడ కూర్చుని రాసిన నేను పూర్తి విరామచిహ్నం పెట్టాను.

సెంబిరాన్‌లో మరొక వస్తువు దొరికింది. దానిని నా గ్రంథంలో నేను ప్రస్తావించనే లేదు. అది కంచు డమరువులను పోతపోసేందుకు అగ్నిపర్వత శిలలో చెక్కిన అచ్చు ముక్క. ఆ జాతి డమరువులలో అతి పెద్దది పెజెంగ్ గుడిలో నేటికీ ఉంది. దాని పొడవు సుమారు 1.86 మీటర్లు. ఆకాశం నుంచి రాలిపడిన చంద్రుడని స్థానికులు దానిని పూజిస్తారు. బాలిలో రాగి గాని తగరం గాని దొరకవు. అంటే లోహం సముద్రం మీద వచ్చింది, పనితనం ద్వీపానిది. రెండువేల ఏళ్ల క్రితం ఆ తీరంలో దిగిన విదేశీయునికి ఎదురైనవారు చేష్టలుడిగిన వనవాసులు కారు. దూరదేశాల లోహాన్ని తెప్పించుకుని, మనిషంత వాయిద్యాన్ని పోతపోయగల శిల్పులు వారు. భారతీయ పళ్లెం వారికి నాగరికత కాదు, నచ్చి కొనుక్కున్న ఒక వస్తువు.

ఇంకొక సంగతి కాలానికి సంబంధించినది. పెంకుల కాలానికి, కాలిబుక్‌బుక్ స్తూపికల కాలానికి నడుమ ఆరేడు శతాబ్దుల ఎడం ఉంది. సెంబిరాన్ పొరలలో బౌద్ధచిహ్నమంటూ ఏదీ లేదు. పళ్లెం వచ్చినంత మాత్రాన ధర్మం వచ్చినట్లు కాదు. 8వ శతాబ్ది ముద్రల లిపి మనల్ని కృష్ణా తీరానికి కాక మగధ, వంగ దేశాల వైపు, జావా శైలేంద్రుల వైపు నడిపిస్తుంది. 9వ శతాబ్దిలో సువర్ణద్వీపరాజు బాలపుత్రదేవుడు నలందలో విహారం కట్టించగా, పాలరాజు దేవపాలుడు దానికి గ్రామాలను దానమిచ్చిన తామ్రశాసనం ఆ రాకపోకలకు సాక్షి. ఆ దారిలో వచ్చిన గాథను మన ఖాతాలో రాసుకునే హక్కు మనకు లేదు.

పడవవాని నిరాకరణ

పచుంగ్ దాటి మధ్యాహ్నానికి ఆమెద్ చేరాం. అగుంగ్ పాదం నేరుగా సముద్రంలోకి దిగే చోటు అది. కొబ్బరిమాను దొన్నెలలో ఉప్పునీటిని ఎండబెట్టే ఉప్పు పనివారు ఇంకా కొందరున్నారు. నల్ల ఇసుక మీద చెప్పులు లేకుండా నాలుగడుగులు వేయలేకపోయాను.

అక్కడి నుంచి లొంబోక్ జలసంధి మీదుగా దక్షిణాన సనూర్ వరకు పడవలోనే వెళ్లాలని నా ఆశ. పెద్దాయన ఒప్పుకోలేదు. "జుకుంగ్‌కు అది దారి కాదు ఇబూ. అక్కడ నీళ్లు నదిలా పరుగెత్తుతాయి" అన్నాడు. పసిఫిక్ జలాలు హిందూ మహాసముద్రంలోకి దిగే ముఖ్యద్వారాలలో ఆ జలసంధి ఒకటి. దాని లోతూ ఎక్కువే. 1856లో బాలి ఉత్తర తీరంలో దిగి, అక్కడి నుంచి లొంబోక్ వెళ్లిన ఆల్ఫ్రెడ్ వాలెస్ రెండు దీవుల పక్షిజాతుల భేదాన్ని గమనించి, ఆసియా జంతుజాలానికి ఎల్లగీతను ఆ సంధి మీదుగానే గీశాడు. పడవవాని నిరాకరణ నాకు చరిత్రపాఠమే అయింది. ప్రాచీన రేవులు ఉత్తర తీరంలో ఎందుకు ఎక్కువగా కనబడుతున్నాయో ఆ ఒక్క మాట చెప్పింది. ప్రదక్షిణం సముద్రం మీద సగమే సాగింది. మిగిలినది రోడ్డు మీద.

అగుంగ్ పాదప్రాంతంలో బుదకెలింగ్ అనే ఊరుంది. బౌద్ధ పురోహిత వంశాలకు అది కేంద్రం. మజాపహిత్ కాలపు చివర జావా నుంచి వచ్చిన దంగ్ హ్యంగ్ అస్తపక అనే ఆచార్యుని తమ మూలపురుషునిగా ఆ వంశాలవారు చెప్పుకుంటారు. అక్కడి పురోహితుని పెదండ అంటారు. అది మన 'దండ' శబ్దం నుంచి వచ్చిన మాట. బౌద్ధ పెదండ వజ్రం, ఘంట చేతబట్టి మంత్రోచ్చారణ చేస్తాడు. పెద్ద క్రతువులలో శైవ పెదండ పక్కన కూర్చుని జలాన్ని పవిత్రం చేస్తాడు. ఆయన భిక్షువు కాడు, గృహస్థు. వినయపిటక దృష్టితో చూస్తే ఇది బౌద్ధమేనా అని మన భిక్షువులు అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని ఆ చేతిలోని వజ్రం, ఘంట తరతరాలుగా కిందపడకుండా వచ్చాయన్నది కూడా న్యాయమైన సత్యమే. ఊరి పేరు వినగానే తెలుగువారికి కళింగం స్ఫురిస్తుంది. నాకూ స్ఫురించింది. శబ్దసామ్యాన్ని ఆధారంగా తీసుకునే అలవాటు మానుకోవడానికే వచ్చాను గనుక అక్కడితో ఆగిపోయాను.

సనూర్, గోవా గజ, బతూర్

సనూర్‌లోని బ్లంజోంగ్ శిలాస్తంభం 1932లో వెలుగులోకి వచ్చింది. శక సంవత్సరం 835లో, అంటే క్రీ.శ. 914 ప్రాంతంలో, శ్రీ కేసరి వర్మదేవుడనే రాజు దానిని నిలిపాడు. విచిత్రమేమంటే అందులో ప్రాచీన బాలి భాషలోని పాఠాన్ని నాగరి మూలపు లిపిలోను, సంస్కృత పాఠాన్ని స్థానిక కవి లిపిలోను చెక్కారు. మనదానిని వారి లిపిలో, వారిదానిని మన లిపిలో రాయగల ఆత్మవిశ్వాసం అది. పరాయి విద్యను ఇంతగా వశం చేసుకున్న రాజాస్థానాన్ని ఎవరి వలసగా చెప్పగలం?

సనూర్ నుంచి ఉత్తరంగా, ఉబుద్ చేరువలో గోవా గజ గుహ ఉంది. గుహ లోపల వినాయకుడు, మూడు లింగాలు. దిగువన లోయలో బౌద్ధ శిల్ప శకలాలు, రాతి మీద చెక్కిన ఛత్రావళి. ఆ ఆవరణలోనే హారీతి విగ్రహం. బాలి ప్రజలు ఆమెను పిల్లలు గల తల్లిగా, మెన్ బ్రయుత్‌గా కొలుస్తారు. నాగార్జునకొండలో హారీతి ఆలయం ఉండేది. అనకాపల్లి వద్ద బొజ్జన్నకొండ దిగువన హారీతి విగ్రహం నేటికీ ఉంది. నా ప్రయాణం మొత్తంలో ఆంధ్రదేశాన్ని నిజంగా తలచుకున్న చోటు అదే. అయితే ఈ పోలిక రాకపోకలకు రుజువు కాదు. బిడ్డల కోసం మొక్కుకునే తల్లులు ఏ తీరాన ఉన్నా, బుద్ధుడు శాంతింపజేసిన ఆ యక్షిణిని తమదానిగా చేసుకున్నారనడానికి రుజువు.

చివరిగా బతూర్ అంచున ఉన్న కింతమని ప్రాంతానికి చేరాను. అక్కడి సుకవన గ్రామంలో లభించిన తామ్రఫలకాలు శక 804కు, అంటే క్రీ.శ. 882కు చెందినవి. తేదీ గల బాలి శాసనాలలో అవే మొదటివి. చింతామణి అనే కొండ మీద భిక్షువులు తపోవనాన్ని, బాటసారులకు 'సత్ర'ను ఏర్పరచుకోవడం అందులోని విషయం. ఆ భిక్షువుల పేర్లన్నీ 'శివ' శబ్దంతో మొదలవుతాయి. వారిని బౌద్ధులనాలా, శైవులనాలా అన్న ప్రశ్నకు ఆ ఫలకం జవాబు చెప్పదు. బహుశా ఆ ప్రశ్న వారికి లేదు. కాని సత్రం అన్న మాట నాకు తెలుసు. మా ఊళ్లలో నిన్నమొన్నటి దాకా బతికిన మాట. అగ్నిపర్వతం నోటి అంచున, చలిగాలిలో, దారిన పోయేవారికి అన్నం పెట్టే చోటుకు ఆ పేరు పెట్టుకున్నవారు దానిని ఎవరి బలవంతం వల్లనో తీసుకోలేదు. పనికి వచ్చింది గనుక తీసుకున్నారు.

మన తీరానికి తిరిగి

1926లో కలకత్తాలో 'బృహత్ భారత' సంఘం ఏర్పడినప్పుడు, పరపాలనలో ఉన్న దేశానికి సముద్రాల ఆవల ఒక గతవైభవం కావలసి వచ్చింది. 1927లో రవీంద్రనాథ ఠాకూరు బాలి, జావా దీవులను సందర్శించడం వెనుక కూడా ఆ కాలపు ఆర్ద్రత ఉంది. నాటి అవసరాన్ని అర్థం చేసుకోవచ్చు. నేడు మనకు ఆ అవసరం లేదు. అయినా మన వారసత్వ ప్రదర్శనలలో, కరపత్రాలలో ఆ భాష కొనసాగుతూనే ఉంది. దాని వల్ల జరిగే నష్టం ఇతరులకు కాదు, మనకే. 'మనవారు వెళ్లారు' అని ముందే తేల్చుకున్నవాడు మన రేవులలో దొరికిన పెంకులను పరీక్షకు పంపడు. కళింగపట్నం, ఘంటసాల, ధరణికోట పెంకుల మట్టిని సెంబిరాన్ పెంకులతో పక్కపక్కన పెట్టి పోల్చి చూడడం గర్వానికి సంబంధించిన పని కాదు, ఓపికకు సంబంధించినది. ఫలితం మనకు నచ్చినట్లు రావచ్చు, రాకపోవచ్చు.

బతూర్ సరస్సు ఒడ్డున వేడినీటి ఊట ఒకటి ఉంది. సాయంత్రం అక్కడ కూర్చుని నా పాత వాక్యాన్ని ఇలా తిరిగి రాసుకున్నాను: రెండువేల ఏళ్ల క్రితం బంగాళాఖాతపు ఏదో ఒక తీరంలో తయారైన పాత్రలు కృష్ణా ముఖద్వారానికీ, బాలి ఉత్తర తీరానికీ చేరాయి, వాటిని తెచ్చినవారెవరో తెలియదు, అనేక శతాబ్దుల తరువాత వేరొక దారిలో ధర్మం బాలికి వచ్చింది, అక్కడివారు దానిని తమ మట్టిలో, తమ చేతులతో అచ్చువేసుకున్నారు.

పాత వాక్యం కంటె ఇది పొడవైనది, అందం తక్కువ. సభలలో దీనిని ఎవరూ ఉదాహరించకపోవచ్చు. అయితే ఆ మట్టిముద్రలోని గాథ మనల్ని అడిగేది కారణాలను చూడమనే గాని, మనకు ఇష్టమైన కారణాన్ని చూడమని కాదు.